అమ్మమ్మ గూట్లో మందులు

మా అమ్మమ్మ వాళ్ళది గుంటూరు జిల్లాలో దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి పసుపే ప్రాణం. సంక్రాంతి వెళ్ళిందంటే పసుపు తవ్వకాలు, పెద్ద పెద్ద బాణల్లో వండటాలు, కళ్ళాల్లో ఆరబోతలు. ఊరంతా అదే వాసన. వేసవి సెలవులకి మేము వెళ్ళేసరికి కొమ్ములు, కాయలు వేరుచేసి గోతాలకెత్తి వసారాలో పేర్చి ఉంచేవాళ్ళు. మార్కెట్ యార్డులో ధర పెరిగేదాకా అవి అక్కడే. ఇంటినిండా పసుపు ఉన్నా, మందుకని అమ్మమ్మ విడిగా కొమ్ములు ఏరి దాచేది. సన్నగా, గట్టిగా ఉండి, విరిస్తే లోపల ముదురు నారింజ రంగు కనిపించే కొమ్ములే ఆ లెక్కలోకి వచ్చేవి.

దాచే చోటు వంటింట్లో పొయ్యికి ఎడమవైపు గోడలో ఉన్న గూడు. దానికి తలుపు లేదు. లోపల కొబ్బరి చిప్పలో శొంఠి, పాత హార్లిక్స్ సీసాలో వాము, అగ్గిపెట్టెలో వస కొమ్ములు, జాడీ మూతలో పటిక ముక్క ఉండేవి. కరక్కాయలు ఒక గుడ్డ మూటలో, పిప్పళ్ళు, అతిమధురం పుల్లలు ఇంకో మూటలో. ఆముదం సీసా ఎప్పుడూ జిడ్డోడుతూ ఉండేది కాబట్టి దాని కింద ఒక అరిటాకు ముక్క. వీటన్నిటికీ ముందు, అందుకోవడానికి వీలుగా, నడుమ గుంటపడ్డ సానరాయి. ఆ గూట్లో చెయ్యిపెట్టే హక్కు ఇంట్లో ఇంకెవరికీ లేదు. తాతయ్యకి తలనొప్పి వచ్చినా "ఏమేవ్, ఆ శొంఠి కాస్త అరగదీసి పెట్టు" అని అడగాల్సిందే.

ఆ గూట్లో ఉన్నవన్నీ ఇప్పుడు పచారీ కొట్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. ఏ రోగానికి ఏ ఆకు అనేది ఫోను తెరిస్తే చాలు, వద్దన్నా చెబుతున్నారు. అమ్మమ్మకి ఆకుతో పాటు ఆకు వాడే మనిషి కూడా తెలుసు. ఏ పిల్లకి ఏది పడుతుంది, ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి, ఎప్పుడు ఆపేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి అన్న లెక్క ఆమె మనసులో ఉండేది. ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. నాకు గుర్తున్నంత మటుకు ఇక్కడ రాసిపెడదామని కూర్చున్నాను.

పడిశం పది రోగాల పెట్టు అంటారు. అమ్మమ్మ ఆ మాట అంటూనే, మొదటి రోజు పడిశానికి అసలేమీ ఇచ్చేది కాదు. ముక్కు కారుతోందని ఫిర్యాదు చేస్తే "కారనీ. లోపలున్నది బయటికి పోవాలి కదా" అనేది. ఆ రాత్రి మాత్రం భోజనంలో పప్పు, పెరుగు ఉండేవి కావు. మిరియాల చారు ఒక్కటే. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చింతపండు పులుసు పల్చగా కలిపి, పొంగు రాగానే దించేసేది. మరిగితే ఘాటు పోతుందని ఆమె నమ్మకం. వేడి అన్నంలో ఆ చారు పోసుకుని తింటుంటే కళ్ళల్లోంచి, ముక్కులోంచి ధారలు. తిన్నాక దుప్పటి కప్పి పడుకోబెడితే తెల్లారేసరికి సగం తేలికపడేది.

రెండో రోజుకీ ముక్కు బిగేసి ఉంటే అప్పుడు ఆవిరి. కాలవగట్టు మీద వావిలి చెట్లు ఉండేవి. మామయ్య వెళ్ళి ఒక మోపు కొమ్మలు విరుచుకొచ్చేవాడు. కాగులో నీళ్ళు మరిగించి అందులో వావిలాకు, గుప్పెడు పసుపు వేసి, కాగు మీదికి వంగమని మా మీద దుప్పటి కప్పేసేది. చీకటి, ఉక్క, ఆ ఆకు ఘాటు. "ఇంక చాలమ్మమ్మా" అంటే "నూరు లెక్కపెట్టు" అనేది. మేము అరవై నుంచి ఎనభైకి దూకితే ఆమెకి తెలిసిపోయేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కాగు జరగకుండా ఆమె కాళ్ళు రెండూ దానికి అటూ ఇటూ అడ్డం పెట్టుకుని కూర్చునేది. పిల్లలు మరిగే నీళ్ళ మీద పడే ప్రమాదం ఉందని ఆవిరి పట్టేటప్పుడు ఒక్క క్షణం కూడా అక్కడి నుంచి లేచేది కాదు. ఇప్పుడు ఆవిరి పట్టించే తల్లులకి నేను మొదట చెప్పేది ఇదే.

నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది పసుపు కొమ్ము పొగ. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, రాత్రి నిద్రపట్టక ఏడుస్తుంటే అమ్మమ్మ లేచేది. దాచిన కొమ్ముల్లోంచి ఒకటి తీసి, దాని కొసని ఆముదంలో ముంచి, దీపం మీద పెట్టేది. కాసేపు చిటపటలాడి అంటుకునేది. మంట ఊదేస్తే కొస ఎర్రగా కణకణలాడుతూ, దానిలోంచి దారంలా తెల్లటి పొగ లేచేది. ఒక ముక్కు వేలితో మూసి, రెండో ముక్కు దగ్గర ఆ పొగ పెట్టి "లోపలికి పీల్చు, నోటితో వదులు" అనేది. పీలిస్తే మాడు దాకా మంట. కళ్ళు ఎర్రబడేవి. నాలుగైదుసార్లు పీల్చాక, ఎక్కడో లోపల ఒక అడ్డు తొలగినట్టయి, గాలి చల్లగా లోపలికి వెళ్ళేది. ఆ చల్లదనం కోసం ఆ మంట ఎంతైనా ఓర్చుకోవచ్చనిపించేది.

అయితే మా పెద్దమ్మ కొడుక్కి మాత్రం ఆ పొగ ఎప్పుడూ పెట్టలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. వాడు నాకూ కావాలని మారాం చేసినా "నీకు పొగ పనికిరాదు నాన్నా" అని, వాము నలిపి పల్చటి గుడ్డలో మూటకట్టి, వాసన చూసుకోమని చేతికిచ్చేది. సాంబ్రాణి వేసినప్పుడు కూడా వాణ్ణి వీధి అరుగు మీదికి పంపేసేది. ఆమె బడికి వెళ్ళింది లేదు. ఆయాసం ఉన్న వాళ్ళకి ఏ పొగైనా చెరుపే చేస్తుందని ఈరోజు డాక్టర్లు చెప్పేది ఆమె వాణ్ణి చూసి చూసి తెలుసుకుంది. వాములో ఉండే థైమాల్ అనే పదార్థం వల్లే దానికి ఆ ఘాటు అనీ, దాన్ని నోరు పుక్కిలించే మందుల్లో కూడా వాడతారనీ నేను కాలేజీలో చదువుకున్నాక సెలవులకి వెళ్ళి చెబితే, "వాముకి పేరు పెట్టారన్నమాట" అని నవ్వింది.

దగ్గు విషయంలో ఆమె పద్ధతి వేరు. ముందు వినేది. పిల్లని ఒళ్ళో బోర్లా వేసుకుని, వీపు మీద చెవి పెట్టి, దగ్గమనేది. పొడి దగ్గు అయితే నోట్లో ఊరేది ఏదైనా ఇచ్చేది. కరక్కాయ పెచ్చు బుగ్గన పెట్టుకోమనడం, అతిమధురం పుల్ల నమలమనడం, రెండు మిరియాలు పటికబెల్లంతో కలిపి చప్పరించమనడం. కరక్కాయ మొదట వగరు, నోరంతా పిడచకట్టేది. దాన్ని బుగ్గన పెట్టుకున్నాక మంచినీళ్ళు తాగితే ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. ఆ తీపి కోసం దగ్గు తగ్గాక కూడా దొంగదగ్గు దగ్గేవాళ్ళం. కఫం దగ్గు అయితే కషాయం. శొంఠి లేని కషాయం లేదని సామెతే ఉంది కదా. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిస్తే త్రికటుకం. ఆ మూడింటికీ తులసి ఆకులు, ధనియాలు చేర్చి, చెంబెడు నీళ్ళు పావు చెంబు అయ్యేదాకా సన్నటి సెగమీద మరిగించేది. తాటిబెల్లం చిన్న ముక్క వేసేది గానీ అది ఏ మూలకీ చాలేది కాదు.

కఫం బాగా పట్టేస్తే మాత్రం అడ్డసరం. పెరట్లో బావి పక్కన ఒక పొద ఉండేది, తెల్లటి పూలతో. మేకలు కూడా ముట్టని ఆకు అది, అంత చేదు. ఆకుల్ని అరిటాకులో చుట్టి, పొయ్యి నివురులో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక పిండి రసం తీసేది. పెద్దవాళ్ళకి చెంచాడు, పిల్లలకి నాలుగు చుక్కలు, తేనెలో. కడుపుతో ఉన్న వాళ్ళని ఆ పొద వైపు చూడనిచ్చేది కాదు. ఈ అడ్డసరంలో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఆధారం చేసుకునే బ్రామ్‌హెక్సిన్ అనే మందు తయారుచేశారు. ఇవాళ మందుల షాపులో కఫం కరగడానికి ఇచ్చే చాలా సిరప్పుల్లో ఉండేది అదో, లేదంటే దాని తరవాత వచ్చిన ఆంబ్రాక్సాల్ అనే మందో. మొదటిసారి ఆ సంగతి చదివినప్పుడు నాకు బావి పక్కన ఆ తెల్లపూల పొద కళ్ళముందు కదిలింది. అలాగే తేనె. 2018లో ఇంగ్లండులో డాక్టర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలు దగ్గుకి యాంటీబయాటిక్కుల జోలికి పోకుండా ముందు తేనె ప్రయత్నించమన్నారు. ఏడాది లోపు పసిపిల్లలకి మాత్రం తేనె అసలు పెట్టకూడదు. పూర్వం పుట్టగానే నాలుక మీద తేనె రాసేవాళ్ళు. ఇప్పటికీ రాసే ఇళ్ళున్నాయి. దానివల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ ఆచారం మానుకోవాలి. పెద్దల మీద ఎంత గౌరవం ఉన్నా సరే.

చంటిపిల్లలకి గుండెల్లో గురగుర ఉంటే తమలపాకు. ఆకుకి ఆముదం రాసి, దీపం సెగకి చూపించి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు బిడ్డ ఛాతీ మీద వేసేది. ఎప్పుడూ చెంపకే ఆనించుకునేది. పనిచేసి పనిచేసి అరచేతులు కాయలు కాశాయి, వాటికి వేడి తెలియదు అనేది.

తలనొప్పికి శొంఠి గంధం. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, శొంఠి కొమ్ముని గుండ్రంగా, తొందర లేకుండా అరగదీసేది. నీళ్ళు ముందు పాలలా మారి, తరవాత చిక్కబడేవి. చూపుడు వేలితో నుదుటి మీద పట్టు వేస్తే ముందు చల్లగా ఉండి, ఆరేకొద్దీ మంట ఎక్కి, చర్మం బిగుసుకుపోయేది. ఆ మంటలో అసలు నొప్పి తెలిసేది కాదు. తాతయ్యకి ఇదంతా ఓపిక లేక అమృతాంజనం తెప్పించుకునేవాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారంటే ఆయనకి ఎంతో భక్తి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయి వెళ్ళి 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపిన మనిషి అని మాకు చాలాసార్లు చెప్పేవాడు. ఆయన దృష్టిలో అమృతాంజనం రాసుకోవడమంటే తెలుగువాళ్ళ పత్రికకి చందా కట్టినట్టే. పెళ్ళయి నేను వరంగల్లు వెళ్ళాక, మా అత్తగారింట్లో అదే స్థానం జిందా తిలిస్మాత్‌ది. హైదరాబాదులో 1920లో పుట్టిన మందు. అందులో ఎక్కువ భాగం నీలగిరి తైలం. సర్ది అయినా, కడుపునొప్పి అయినా, పన్నునొప్పి అయినా అత్తయ్య ఆ చిన్న సీసానే వెతికేవారు. వేడి చాయ్‌లో రెండు చుక్కలు వేసి ఇచ్చేవారు. మా అమ్మమ్మ ఒకసారి వరంగల్లు వచ్చినప్పుడు అత్తయ్య ఆ చాయ్ ఇస్తే, పూర్తిగా తాగి, గ్లాసు వాసన చూసి, "వదినగారూ, ఇది మంచి మందే" అంది. ఆమె నోటి నుంచి కొన్న మందుకి మెచ్చుకోలు రావడం నేను అప్పుడే విన్నాను.

ఇక దెబ్బల సంగతి. వేసవి సెలవుల్లో మోకాళ్ళు చెక్కుకుపోని రోజు ఉండేది కాదు. పొలంలో ఉంటే గాయపాకు. గడ్డి చామంతి అని కూడా అంటారు, పసుపు మొగ్గలాంటి చిన్న పువ్వు పొడుగాటి కాడకి పూస్తుంది. పశువులు కాసే కుర్రాళ్ళు ఆ ఆకు అరచేతిలో నలిపి పసరు పిండితే నెత్తురు కట్టేసేది. నిజానికి ఆ మొక్క మన దేశానిది కాదు, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. ఎప్పుడొచ్చిందో, ఎవరు మొదట నలిపి చూశారో గానీ, మన గట్ల మీద కలుపుగా పాకిన మొక్కకి పేరే గాయపాకు అని పెట్టుకునేంతగా మనవాళ్ళు దాని గుణం పట్టేశారు.

ఇంటికొస్తే అమ్మమ్మ ముందు చేసేది కడగడం. అందరూ పసుపు అద్దడమే చూస్తారు. ఆమె అంతకు ముందు కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, ఇసుక రేణువు కూడా లేకుండా, మేము కేకలు పెడుతున్నా వదలకుండా కడిగేది. ఆ తరవాతే పసుపు, అదీ ఇంట్లో దంచినది. కొట్లో పొడి మీద ఆమెకి నమ్మకం లేదు, రంగు కలుపుతారనేది. ఆ అనుమానం నిజమే. మెరుపు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ అనే విషపు రంగు కలిపిన ఉదంతాలు తరవాత ఎన్నో బయటపడ్డాయి. కాఫీపొడి, పొగాకు, బూడిద, సాలెగూడు లాంటివి గాయం మీద పెట్టే వాళ్ళు ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆమె పెట్టనిచ్చేది కాదు. మేకు గుచ్చుకున్నా, తుప్పు రేకు తెగినా పసుపు ఊసే ఎత్తకుండా "సూది వేయించుకు రండి" అని అప్పటికప్పుడు పంపేసేది. ఊళ్ళో ఒక బాలింత ధనుర్వాతంతో పోవడం ఆమె వయసులో ఉండగా చూసింది. అది ఆమె మనసులోంచి పోలేదు.

గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు, పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చూపించి, ఇది మా దేశంలో తరతరాలుగా తెలిసిన సంగతేనని వాదించారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు మామయ్య వసారాలో కూర్చుని అమ్మమ్మకి చదివి వినిపించాడు. ఆమెకి పేటెంటు అంటే ఏమిటో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక, "అయితే మన పసుపు మనం పెట్టుకోవడానికి వాళ్ళకి డబ్బు కట్టమన్నారా?" అని అడిగింది. ఆ పేటెంటు వాళ్ళ దేశం వరకే అని మామయ్య సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. పసుపు పండించి, వండి, ఎండబెట్టి, ధర లేక వసారాలో గోతాలు పెట్టుకుని కూర్చున్న రైతు ఇంట్లో ఆ వార్త ఎలా వినిపిస్తుందో అలాగే వినిపించింది ఆమెకి. ఆ కోపం నాకు ఇప్పటికీ న్యాయంగానే అనిపిస్తుంది.

కాలు బెణికితే సున్నం, పసుపు. తాంబూలం పెట్టెలోంచి సున్నం తీసి పసుపులో కలిపితే, కళ్ళముందే పసుపు రంగు పోయి నెత్తురంత ఎరుపు వచ్చేది. పసుపులోని రంగు పదార్థానికి సున్నం తగిలితే అంతే. మాకు అదొక వింత. వేడిచేసిన ఆ పట్టు చీలమండ చుట్టూ వేసి, పైన ఆముదపు ఆకు చుట్టి, పాత పంచె చింపి కట్టేది. వాపు తగ్గకపోతే మర్నాడు చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసేది. పట్టు వేశాక కాలు దిండు మీద ఎత్తి పెట్టించి కదలనిచ్చేది కాదు. సగం గుణం ఆ కదలకపోవడంలోనే ఉందేమో అని నా అనుమానం. తెగిన చోట మాత్రం సున్నం తగలనిచ్చేది కాదు, చర్మం తినేస్తుందని.

తేలు కుడితే చింతగింజ అరగదీసి అతికించడం ఊళ్ళో అందరూ చేసేదే. విషం లాగేశాక గింజ దానంతట అదే ఊడిపోతుందని చెప్పుకునేవాళ్ళు. అమ్మమ్మ నల్లతేలుకి గింజ అతికించేది. ఎర్రతేలని తెలిస్తే, అందులోనూ కుట్టింది పిల్లలనైతే, చింతగింజ జోలికి పోకుండా బండి కట్టమనేది. ఎర్రతేలు విషం పిల్లల గుండెని దెబ్బతీస్తుంది. అది ప్రాణం మీదికి తెస్తుందని ఆమెకి ఊళ్ళో జరిగినవి చూసి తెలుసు. నేనైతే ఏ తేలు కుట్టినా ఆసుపత్రికే వెళ్ళమంటాను.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకి పట్టరాని కోపం వచ్చేది. వాతలు. కామెర్లొచ్చినా, పిల్లలకి ఫిట్సొచ్చినా కాల్చిన ఇనపకడ్డీతో వాత పెట్టించే అలవాటు ఆ రోజుల్లో ఉండేది. పక్కింటి పిల్లాడికి కామెర్లొస్తే వాళ్ళ నాయనమ్మ వాత పెట్టించడానికి బయల్దేరదీసింది. అమ్మమ్మ వీధిలోకి వెళ్ళి, దడి దగ్గర అడ్డంగా నిలబడి, "వదినా, వాడు పడుతున్న బాధ చాలదా? నీ చెయ్యి కాల్చుకుని చూడు ముందు" అంది. ఆ పిల్లాణ్ణి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రెండిళ్ళకీ చాన్నాళ్ళు మాటల్లేవు. అమ్మమ్మ లెక్కచేయలేదు.

మా తమ్ముడి విషయం కూడా చెప్పాలి. వాడికి అప్పుడు రెండేళ్ళు కూడా నిండలేదు. వానాకాలం. దగ్గు, జ్వరం. మొదటి రోజు తమలపాకు, తులసి రసం ఇచ్చింది. రెండో రోజు రాత్రి లాంతరు దగ్గరికి తెచ్చి, వాడి చొక్కా ఎత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుతోంది. అలాగే చూస్తూ ఉండి, చొక్కా దించి, "డొక్కలెగరేస్తున్నాడు. ఇది నా చేతిలోది కాదు" అంది. అమ్మ ఏడుపు. మామయ్య ఆ వానలో బండి కట్టాడు. అమ్మమ్మ గూట్లోంచి ఏమీ తీసుకోలేదు, వాణ్ణి గోతం పట్టా కింద ఒళ్ళో నిటారుగా పెట్టుకుని కూర్చుంది, పడుకోబెడితే ఊపిరాడదని. తెనాలిలో డాక్టరు గారు న్యుమోనియా అన్నారు. పెన్సిలిన్ ఇంజక్షన్లు పడ్డాయి. "ఇంకొన్ని గంటలు ఆగితే కష్టమయ్యేది. ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగారట. పసిపిల్లలకి అలా డొక్కలెగరేయడం న్యుమోనియాకి పెద్ద గుర్తు అని ఇవాళ ఆశా కార్యకర్తలకి శిక్షణలో నేర్పుతున్నారు. తమ్ముడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు గాజు సీసాలో ఎర్రటి అరకు ఇచ్చారు. కాంపౌండరు సీసా పక్కన కాగితం మెట్లు మెట్లుగా కత్తిరించి అంటించేవాడు, పూటకి ఒక మెట్టు. అమ్మమ్మ ఆ సీసాని తన గూట్లోనే, శొంఠి పక్కన పెట్టుకుంది. మెట్టు దాటి ఒక్క చుక్క ఎక్కువ పోయలేదు. తన మందుకీ డాక్టరు మందుకీ పోటీ ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్లో ప్రతి ఇంట్లో కషాయం మరిగింది. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి కలిపి తాగమని ఆయుష్ శాఖ కూడా చెప్పింది. భయం కొద్దీ జనం రోజుకి మూడు నాలుగుసార్లు, నెలల తరబడి తాగారు. కడుపులో మంటలు, నోటిపూతలు. కింది ఫ్లోర్ ఆవిడ టెన్షన్‌తో నాకు ఫోన్ చేస్తే నేను చెప్పింది అమ్మమ్మ మాటే: కషాయం మూడు రోజులు, దానికి తగ్గకపోతే అది కషాయానికి లొంగే రోగం కాదు. ఎండాకాలంలో అయితే ఆమె మూడో రోజు కూడా ఇచ్చేది కాదు.

మందుకన్నా పెద్ద పట్టింపు పథ్యం దగ్గర. లంఖణం పరమౌషధం అని పెద్దవాళ్ళకి జ్వరమొస్తే తిండి ఆపేసేది గానీ, పిల్లల్ని పస్తుంచేది కాదు. పల్చటి బియ్యం జావలో ఉప్పేసి, గంట గంటకీ చెంచాలతో పట్టించేది. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు, తాతయ్య దుగ్గిరాల నుంచి తెచ్చే బ్రెడ్డు, అది పాలలో ముంచుకుని. జ్వరం దిగిన మర్నాడు తల తుడిచి, పీట వేసి కూర్చోబెట్టి పథ్యం పెట్టేది. ఏడాది నిలవున్న బియ్యం మెత్తగా వండి, మొదటి ముద్దలో వేయించిన వాము, ఉప్పు కలిపిన పొడి. రెండో ముద్దకి పాత చింతకాయ పచ్చడి. కొత్తది పనికిరాదు, కిందటేడు జాడీలో అడుగున మిగిలి నల్లగా అయినదే కావాలి. నాలుగు రోజులుగా చప్పిడి జావ తాగి తాగి మొద్దుబారిన నాలుకకి ఆ పులుపు తగిలితే ఒళ్ళు జల్లుమనేది. ఆ తరవాత నూనె చుక్క తగలని బీరకాయ కూర, చారు. ఇంకొంచెం పచ్చడి అడిగితే జాడీ మూత బిగించి అటక మీద పెట్టేసి, "ఇవాళ్టికి ఇంతే. రేపు నెయ్యి కూడా వేస్తా" అనేది.